ఏ జెండా కప్పుకొచ్చినా దురాక్రమణ దురాక్రమణే!



హైదరాబాద్ యువకుడొకరు ఉద్యోగం కోసం రష్యా వెళ్లారు. సైన్యంలో సహాయకుడి పనే, యుద్ధానికి పోనక్కర్లేదు, జీతం బాగుంటుంది అని ఏజెంట్లు నమ్మించారు. తీరా వెళ్లాక యుద్ధరంగంలోకి తోసేశారు. ఆయన మరణించినట్టు 2024 మార్చిలో మాస్కోలోని మన రాయబార కార్యాలయం ప్రకటించింది. భార్యా పిల్లలున్న మనిషి. ఉక్రెయిన్ రైతుతో ఆయనకు గట్టు తగాదా లేదు. రష్యా అధ్యక్షుడితో చుట్టరికమూ లేదు. పొట్టకూటి కోసం వెళ్లి పరాయి దేశాన్ని ఆక్రమించే యుద్ధంలో ప్రాణం పోగొట్టుకున్నారు.

అదే ఏడాది అదే హైదరాబాద్‌లో, ఇజ్రాయెల్‌లో భవన నిర్మాణ పనులకని మేస్త్రీలను, సెంట్రింగ్ పనివాళ్లను ఎంపిక చేశారు. 2023 అక్టోబరు తర్వాత ఇజ్రాయెల్ తన దగ్గర పనిచేసే పాలస్తీనా కూలీల పర్మిట్లు నిలిపేసింది. వాళ్ల చేతుల్లోంచి లాక్కున్న తాపీని తెచ్చి మన వాళ్ల చేతుల్లో పెట్టారు. ఆ నగరం శివారులోనే ఇజ్రాయెల్ కంపెనీ భాగస్వామ్యంతో 2018 డిసెంబరులో డ్రోన్ల ఫ్యాక్టరీ మొదలైంది. ఇక్కడ తయారైన డ్రోన్లు ఇజ్రాయెల్‌కు చేరినట్టు 2024లో పత్రికలు రాశాయి.

ఎక్కడో జరిగే యుద్ధాలతో మనకేం పని అనేవాళ్లకు ఇంతకు మించి జవాబు అక్కర్లేదు. ఈ కరపత్రంలో మా మాట మాత్రం ముందుగా మన వాళ్లతోనే, వామపక్షంలో ఉన్నవాళ్లతో, వామపక్షాన్ని ప్రేమించేవాళ్లతోనే. పాలస్తీనా కూలీల స్థానంలోకి మన కార్మికులను పంపొద్దని కేంద్ర కార్మిక సంఘాలు గట్టిగా చెప్పాయి. గాజా మీద బాంబులు పడితే మన బ్యానర్లు లేచాయి, లేవాల్సిందే. మరి ఖార్కివ్ మీద, మరియుపోల్ మీద పడ్డప్పుడు మన గొంతు ఎందుకు తగ్గింది? రష్యా చర్య దురదృష్టకరం అని ఒక్క వాక్యం రాసి, మిగతా ప్రకటనంతా నాటో గురించే ఎందుకు రాశాం? చనిపోయిన పిల్లకు తన మీద పడ్డ బాంబు ఏ దేశంలో తయారైందో తేడా తెలుస్తుందా?

మనకు మంచి చరిత్ర ఉంది, అది చెప్పుకోవాలి. 2007 సెప్టెంబరులో భారత్, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా, సింగపూర్ యుద్ధనౌకలు బంగాళాఖాతంలో మలబార్ విన్యాసాలకు దిగినప్పుడు, కోల్‌కతా నుంచి ఒక జాతా, చెన్నై నుంచి ఒక జాతా బయలుదేరి విశాఖపట్నంలో కలిశాయి. దారిలో కోస్తా ఊళ్లలో సభలు పెట్టి, మన తీరాన్ని ఎవరి యుద్ధానికీ రేవుగా మార్చొద్దని జనానికి చెప్పాయి. అంతకు ముందు 2003 మార్చి 20న అమెరికా, బ్రిటన్ సైన్యాలు ఇరాక్ మీద పడ్డాయి. సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయన్నారు. ఆయుధాలు దొరకలేదు, దేశం మాత్రం ధ్వంసమైంది. ఆ యుద్ధాన్ని నిందిస్తూ ఏప్రిల్ 8న మన లోక్‌సభ తీర్మానం చేసింది. ఆ తర్వాత ఇరాక్‌కు ఒక డివిజన్ సైన్యం పంపమని అమెరికా అడిగింది. పంపేదే లేదని జూలై 14న వాజపేయి ప్రభుత్వం చెప్పేసింది. వీధుల్లో వామపక్షాలు, సభలో ప్రతిపక్షాలు పట్టుబట్టి ఉండకపోతే ఎన్ని శవపేటికలు మన రైల్వే స్టేషన్లలో దిగేవో ఆలోచించండి. వీధిలో నినాదం ఊరికే పోదు. అందుకే ఆ నినాదం ఒక్క వైపే వినబడితే మాకు బాధ.

1956 సంవత్సరంలో ఒక వారం గుర్తు చేస్తాం. అక్టోబరు 29న ఇజ్రాయెల్ ఈజిప్టు మీద దాడి చేసింది. రెండు రోజులకు బ్రిటన్, ఫ్రాన్స్ బాంబులేశాయి. సూయజ్ కాలువను తన అధ్యక్షుడు నాసర్ జాతీయం చేయడమే ఈజిప్టు చేసిన నేరం. నవంబరు 1న హైదరాబాద్‌లో మన పండగ. భాష ప్రాతిపదికన ఆంధ్రప్రదేశ్ అవతరించింది. నవంబరు 4 తెల్లవారుజామున సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్ వీధుల్లోకి దూసుకొచ్చాయి. అంతా ఒకే వారంలో జరిగింది.

బుడాపెస్ట్‌లో ట్యాంకులకు ఎదురు నిలిచింది జమీందార్లు, బ్యాంకర్లేనా? డాన్యూబ్ నదిలో చెపెల్ అనే దీవి ఉంది. ఉక్కు కర్మాగారాలు, కమ్యూనిస్టుల కంచుకోట. ‘ఎర్ర చెపెల్’ అని దానికి పేరు. మిగతా నగరం లొంగాక కూడా ఆ దీవిలోని కార్మికులు కొన్నాళ్లు పోరాడారు. తుపాకులు మూగబోయాక కార్మికులు ఫ్యాక్టరీల వారీగా కౌన్సిళ్లు పెట్టుకుని సమ్మె నడిపారు. కార్మిక రాజ్యం పేరుతో వచ్చిన సైన్యం కార్మిక కౌన్సిళ్ల నాయకులను అరెస్టు చేయించింది. సుమారు 2,500 మంది హంగేరియన్లు చనిపోయారు. దాదాపు రెండు లక్షల మంది దేశం విడిచిపోయారు. ప్రధాని ఇమ్రే నాజ్ జీవితమంతా కమ్యూనిస్టే. 1958 జూన్ 16న ఆయనను ఉరి తీశారు.

సూయజ్ మీద దాడికి ప్రపంచమంతటా కమ్యూనిస్టులు మండిపడ్డారు. బుడాపెస్ట్ విషయంలో మన దేశంలోని కమ్యూనిస్టు పార్టీ ట్యాంకులనే సమర్థించింది. నెహ్రూ ప్రభుత్వం సూయజ్ మీద వెంటనే నోరు విప్పి, హంగేరీ మీద నీళ్లు నమిలింది. 1968 ఆగస్టులో ప్రాగ్‌లోకి, 1979 డిసెంబరులో కాబూల్‌లోకి సోవియట్ సైన్యం దిగినప్పుడు మళ్లీ అదే కథ. ప్రాగ్ మీద దాడిని ఇటలీ, ఫ్రాన్స్ కమ్యూనిస్టు పార్టీలు తప్పన్నాయి. మాస్కో ఎర్ర మైదానంలో సొంత దేశ సైన్యానికి వ్యతిరేకంగా ఎనిమిది మంది సోవియట్ పౌరులు బ్యానర్లు పట్టుకుని కూర్చున్నారు. కొన్ని నిమిషాల్లోనే వాళ్లను ఈడ్చుకెళ్లారు. కొందరికి జైలు, కొందరికి ప్రవాసం, కొందరికి పిచ్చాసుపత్రి. 1968లో నిజమైన అంతర్జాతీయవాదులు ఆ ఎనిమిది మందే అని మేం నమ్ముతున్నాం. వాళ్ల పేర్లు మన పాఠశాలల్లో, మన రాజకీయ తరగతుల్లో చెప్పాలి.

మన వాళ్లు కొందరు చెప్పే వాదన మాకు తెలుసు. జాతీయత పాలకవర్గాల మత్తు, కార్మికుడికి దేశం లేదు, ఏ పక్షం అమెరికాకు ఎదురు నిలిస్తే అదే మన పక్షం. ఈ వాదన తెలుగు నేల మీద నిలబడదు. ఎందుకంటే ఇక్కడ ఎర్రజెండా పల్లెల్లోకి వచ్చిందే భాషాభిమానం నడిచిన బాటలో.

1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధని థియేటర్లో ఒక సంస్కరణ సభ జరిగింది. ఉర్దూలో, మరాఠీలో, ఇంగ్లీషులో మాట్లాడినవాళ్లను సభ విన్నది. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టారు. ఆ రాత్రే కొద్దిమంది ఒకచోట చేరి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. అది పెరిగి 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ అయింది. గ్రంథాలయాలు, బడులు, వెట్టి మీద తీర్మానాలతో నడిచి 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన కమ్యూనిస్టుల చేతికి వచ్చింది. పల్లెటూళ్లలో జనం దాన్ని ‘సంఘం’ అన్నారు. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య మీదికి దొర మనుషులు తుపాకులు పేల్చినప్పుడు ఆయన నడిచింది ఆ సంఘం ఊరేగింపులోనే. నా భాషలో నన్ను మాట్లాడనివ్వండి అన్న కోరిక నా భూమి నాకివ్వండి అన్న పోరాటంగా మారడానికి పాతికేళ్లు పట్టింది. అవి రెండు వేర్వేరు చరిత్రలు కావు. పుచ్చలపల్లి సుందరయ్య విశాలాంధ్ర గురించి పుస్తకం రాసింది భూపోరాటం రగులుతున్న రోజుల్లోనే.

తర్వాతి రోజుల్లో ఈ విషయంలో మన పార్టీల మధ్య తేడాలొచ్చాయి. ప్రత్యేక తెలంగాణకు సీపీఐ మద్దతిచ్చింది, భాషా రాష్ట్రం ఒకటిగా ఉండాలని సీపీఎం నిలబడింది. రెండు పక్కలా నిజాయితీపరులున్నారు, ఆ చర్చలోకి ఇప్పుడు వెళ్లం. ఎటున్నా, తేల్చాల్సింది ఇక్కడి ప్రజలేనని, ఢిల్లీ నుంచో మరో రాజధాని నుంచో సైన్యాన్ని దింపి కాదని మాత్రం అందరూ ఒప్పుకున్నారు. అది మనకు వర్తిస్తే ఉక్రెయిన్‌కు వర్తించదా?

రష్యన్లు, ఉక్రేనియన్లు ఒకే జాతి అని 2021 జూలైలో పుతిన్ పెద్ద వ్యాసం రాశారు. యుద్ధానికి మూడు రోజుల ముందు, 2022 ఫిబ్రవరి 21న చేసిన ప్రసంగంలో ఆధునిక ఉక్రెయిన్‌ను సృష్టించింది బోల్షివిక్కులేనని, అది లెనిన్ చేసిన తప్పని నిందించారు. ఆ ప్రసంగాన్ని లెనిన్ శిష్యులమని చెప్పుకునేవాళ్లందరూ ఒక్కసారి చదవాలి. జాతుల స్వయం నిర్ణయాధికారం కోసం లెనిన్ సొంత పార్టీ వాళ్లతోనే తగువు పెట్టుకున్నాడు. 1922 చివర్లో జబ్బుపడి మంచం మీదుండి కూడా రష్యన్ దురహంకారాన్ని ఎండగడుతూ చెప్పి రాయించాడు. చిన్న జాతులకు విడిపోయే హక్కు కాగితం మీదైనా ఇచ్చినందుకే ఇప్పుడు ఆయన్ను మాస్కో తిట్టిపోస్తోంది. ఉక్రెయిన్ మీద యుద్ధాన్ని సామ్రాజ్యవాద వ్యతిరేక పోరాటమని మనం ఏ ముఖంతో చెబుతాం?

నాటో విస్తరణ అబద్ధం కాదు. 1999లో ఐక్యరాజ్యసమితి అనుమతి లేకుండా 78 రోజులు యుగోస్లావియా మీద బాంబులేసింది నాటోయే. ఉక్రెయిన్, జార్జియా ఎప్పటికైనా సభ్యులవుతాయని 2008లో బుకారెస్ట్‌లో ప్రకటించిందీ అదే. ఇవన్నీ చెప్పాలి, చెబుతూనే ఉండాలి. కానీ ఒక నేరానికి వెనకున్న కారణాలు చెప్పడం వేరు, నేరాన్ని మన్నించడం వేరు. ఇంటి ముందు రౌడీ తిరుగుతున్నాడని పక్కింటివాడి పీక పిసికితే ఏ ఊరి పెద్దమనిషీ సరేననడు.

చైనా పేరెత్తితే మన మీద పడే నింద సంగతి కూడా దాచం. 1962 అక్టోబరు 20న చైనా సైన్యం దాడికి దిగింది. నవంబరు 1న కమ్యూనిస్టు పార్టీ జాతీయ సమితి దాన్ని దురాక్రమణగా ఖండించింది. పార్టీలో అందరూ దానికి ఒప్పుకోలేదు. ప్రభుత్వం వందలమందిని జైళ్లలో పెట్టింది, ఊరూరా చైనా ఏజెంట్లన్నారు. ఆ చీలిక 1964లో తెనాలి సమావేశం దాకా, రెండు పార్టీల దాకా వెళ్లింది. ఏజెంట్లన్న ఆ మాట దుర్మార్గపు అబద్ధం. తెలంగాణ పల్లెల్లో ప్రాణాలిచ్చినవాళ్ల దేశభక్తికి ఎవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు. అయితే పొరుగు దేశం జెండా ఎర్రదైనప్పుడు సూటిగా మాట్లాడటానికి మన వాళ్లు కొందరు తడబడ్డారన్నదీ నిజమే. ఆ తడబాటే నింద వేసేవాళ్లకు అరవై ఏళ్లుగా తిండి పెడుతోంది.

1979 ఫిబ్రవరి 17న అదే చైనా వియత్నాం మీద దాడి చేసింది. అప్పటి విదేశాంగ మంత్రి వాజపేయి చైనా పర్యటనలో ఉన్నారు, మధ్యలోనే తిరిగొచ్చేశారు. రెండూ కమ్యూనిస్టు పార్టీలు పాలిస్తున్న దేశాలే. కొన్ని వారాల్లో రెండువైపులా వేలమంది చనిపోయారు. ఒకప్పుడు నీ పేరు వియత్నాం, నా పేరు వియత్నాం అని కలకత్తా వీధులు మార్మోగాయి కదా, ఆ ప్రేమ వియత్నాం ప్రజల మీదేనా, లేక అమెరికాను ఓడించినందుకు మాత్రమేనా?

ఇక మన సైన్యం సంగతి. దీని మీద మౌనంగా ఉంటే పైన రాసినవాటికి విలువ లేదు. 1945 సెప్టెంబరులో ఫ్రెంచివాళ్ల పెత్తనాన్ని తిరిగి నిలబెట్టడానికి సైగాన్‌లో దిగింది బ్రిటిష్‌వారి 20వ ఇండియన్ డివిజన్. బానిస దేశపు సిపాయిలతో మరో బానిస దేశాన్ని అణచారు. 1948 సెప్టెంబరు 13న యూనియన్ సైన్యాలు హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చాయి. నిజాం లొంగిపోయాడు, రజాకార్ల పీడ విరగడైందని జనం సంతోషించారు. ఆ సైన్యమే తర్వాత పల్లెలపై పడింది, దున్నేవాడి చేతిలోని భూమి దొరకు తిరిగి అప్పగించింది. పరాయి సైన్యం కాదది, మన సైన్యమే. 1987లో శాంతి పరిరక్షణ పేరుతో శ్రీలంక వెళ్లిన మన జవాన్లు దాదాపు 1,200 మంది తిరిగి రాలేదు. ఆ అక్టోబరులో జాఫ్నా ఆసుపత్రిలో మన సైనికుల కాల్పులకు రోగులు, వైద్యులు, నర్సులు బలయ్యారు. దేశాన్ని ప్రేమించేవాళ్లే ఈ మాట చెప్పాలి. జవాన్లు రైతుల బిడ్డలు. వాళ్లను ఎవరి తగువులోకి, ఎందుకు పంపుతున్నారని అడగడం వాళ్లను గౌరవించడమే.

మరి 1971 మాటేమిటి అని మీరు అడుగుతారు, అడగాలి. తూర్పు బెంగాల్‌లో మారణకాండ జరుగుతుంటే కోటి మంది శరణార్థులు మన దేశంలోకి వచ్చారు. అక్కడి ప్రజలు అప్పటికే ఎన్నికల్లో తీర్పు చెప్పారు. ముక్తివాహిని పోరాడుతోంది. పాకిస్తాన్ మన వైమానిక స్థావరాలపై దాడి చేశాక డిసెంబరు 3న యుద్ధం మొదలైంది, 16న ఢాకాలో ముగిసింది. 1972 మార్చి కల్లా మన సైన్యం అక్కణ్ణుంచి తిరిగొచ్చేసింది. అలాగే వియత్నాం సైన్యం 1979 జనవరిలో కంబోడియా రాజధాని నాంపెన్ చేరి పోల్‌పాట్ నరకాన్ని ఆపింది. కానీ పదేళ్లు అక్కడే ఉండిపోయింది. పీక తెగుతున్న జనాన్ని కాపాడటానికి పొరుగువాడు రాకూడదని మేం అనలేం. వచ్చినవాణ్ణి మాత్రం నిలదీసి అడగాలి. నిన్ను పిలిచింది అక్కడి జనమా, లేక నువ్వు కూర్చోబెట్టిన కీలుబొమ్మా? ఎప్పుడు తిరిగి వెళతావు? వెళ్లేటప్పుడు వాళ్ల నేల, వాళ్ల చమురు, వాళ్ల రేవులు ఎవరి చేతుల్లో ఉంటాయి? 1971లో ఈ ప్రశ్నలకు జవాబులున్నాయి. ఇరాక్‌లో లేవు, ఉక్రెయిన్‌లో లేవు, గాజాలో అసలే లేవు.

మాకొక్కటే కావాలి. వాషింగ్టన్‌ను కొలిచే కొలతతోనే మాస్కోను, బీజింగ్‌ను, టెల్ అవీవ్‌ను, అవసరమైతే ఢిల్లీని కూడా వామపక్షం కొలవాలి. ఇది మెతకబారడం కాదు. 1914 ఆగస్టులో జర్మనీలో ప్రపంచంలోనే పెద్ద సోషలిస్టు పార్టీ యుద్ధ రుణాలకు ఓటేసింది. అదే ఏడాది డిసెంబరు 2న కార్ల్ లీబ్‌నెక్ట్ ఒక్కడే సభలో వ్యతిరేకంగా ఓటేశాడు. పార్టీ ఆయన్ను వెలివేసింది, ప్రభుత్వం జైల్లో పెట్టింది. ఇవాళ మనం తలచుకునేది ఆయన్నే, చేతులెత్తినవాళ్లను కాదు.

కాబట్టి మిత్రులారా, మీ యూనియన్ శాఖలో, మీ విద్యార్థి సంఘంలో, మీ మహిళా సంఘంలో ఈ నెలలోనే ఈ విషయాన్ని చర్చకు పెట్టండి. గాజాలో మారణకాండను, ఉక్రెయిన్‌పై దురాక్రమణను ఒకే తీర్మానంలో, ఒకే భాషలో ఖండించండి. రష్యా సైన్యంలో ఇంకా మన వాళ్లుంటే క్షేమంగా ఇళ్లకు చేర్చాలని, చనిపోయినవాళ్ల కుటుంబాలకు పరిహారం ఇవ్వాలని, యువకులను అమ్ముకున్న ఏజెంట్లపై కేసులు నడపాలని కలెక్టర్లకు వినతిపత్రాలివ్వండి. ఇక్కడ తయారయ్యే డ్రోన్లు, ఆయుధాలు ఆక్రమణదారుల చేతికి పోకూడదని మీ ఎంపీని ఉత్తరం రాసి అడగండి. జవాబు వస్తే నలుగురి ముందూ చదివి వినిపించండి. వాట్సాప్‌లో బాంబుల వీడియోలను సినిమా ఫైటింగుల్లా పంచుకునే కుర్రాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, ఎవరూ చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది? యుద్ధమొచ్చినప్పుడు ఉక్రెయిన్ సెల్లార్లలో తలదాచుకుని, సరిహద్దు దాకా మంచులో నడిచి ఇంటికొచ్చిన మన వైద్య విద్యార్థులు మీ ఊళ్లో ఉంటే పిలిచి మాట్లాడించండి. వాళ్లు చూసింది ఏ ప్రసంగానికన్నా విలువైనది.

వచ్చే ఆదివారం సాయంత్రం 5 గంటలకు విజయవాడ లెనిన్ సెంటర్‌లో, పాత పుస్తకాల షాపుల దగ్గర కలుద్దాం. పార్టీ ఏదైనా ఫర్వాలేదు, పార్టీ లేకపోయినా ఫర్వాలేదు. మా మాటతో ఒప్పుకోనివాళ్లు తప్పకుండా రండి, మైకు ముందుగా మీకే ఇస్తాం. తీర్మానం ప్రతులు అక్కడే పంచుతాం. మీ శాఖలో చర్చించి, మార్పులేమైనా ఉంటే రాసి, సంతకాలతో తిరిగి ఇవ్వండి. పిల్లలను తీసుకురండి. మంచినీళ్లు, కూర్చోవడానికి పట్టాలు మేం ఏర్పాటు చేస్తున్నాం.

ఇట్లు,
వామపక్ష అభిమానులైన కొందరు కార్మికులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు
విజయవాడ